ప్రణీత్ పేరు

ప్రణీత్ చనిపోయిన నాలుగేండ్లకు కృపాకర్ అతని పేరును కోర్టు కాగితంలోకి ఎక్కించాడు.

ఇద్దరూ ఛత్రినాకలో ఒకే గల్లీలో పెరిగినవాళ్లు. ఒకే చర్చికి పోయేవాళ్లు. ప్రణీత్‌కు సంగీతం అబ్బింది, ఆరాధనలో కీబోర్డు వాయించేవాడు. కృపాకర్‌కు మోటర్ల పని అబ్బింది. కాలిపోయిన నీళ్ల మోటరు తెచ్చి ముందర పెడితే పాత రాగితీగ పీకేసి కొత్తది చుట్టి మళ్లీ తిరిగేలా చేసేవాడు. అఫ్జల్‌గంజ్‌లో చిన్న మడిగె కిరాయికి తీసుకొని సొంత దుకాణం పెట్టుకున్నాడు. సుజనతో పెండ్లయింది. బిడ్డ పుట్టిన రోజు కృపాకర్ ఊరవతల ఒక అపార్టుమెంటు బోరు పని మీద ఇరుక్కుపోతే, ఆస్పత్రిలో సుజన తల్లికి తోడుగా ఉన్నది ప్రణీతే. నర్సు బట్టలో చుట్టిన పిల్లను తెచ్చి మొదట అతని చేతుల్లోనే పెట్టింది. తండ్రి అనుకొని పెట్టిందట. ఆ ముచ్చట చెప్పుకొని ఇద్దరు మిత్రులూ ఎన్నిసార్లు నవ్వుకున్నారో. కీర్తిప్రియ అనే పేరు కూడా ప్రణీత్ పెట్టిందే.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ప్రణీత్ పోయాడు. పెండ్లి కాలేదు. ఇంట్లో తల్లి ఆగమ్మ ఒక్కతే మిగిలింది. కొడుకు కుర్చీలో ఇంకొకడు కూర్చొని వాయిస్తుంటే చూడలేక ఆమె చర్చికి రావడమే మానేసింది.

తర్వాతి ఏడాది సుజన, కృపాకర్ విడిపోయారు. చెప్పుకోదగ్గ పెద్ద కారణం లేదు. రోజూ ఏదో ఒక లొల్లి, ఒకరి మాట ఒకరికి పడకపోవడం, అలిగి మాట్లాడుకోకపోవడం. ఆమె పిల్లను తీసుకొని ఉప్పుగూడలో అన్న ఇంటికి పోయింది. కోర్టు పిల్ల పోషణకు నెలనెలా భరణం కట్టమంది, ఆదివారం మధ్యాహ్నాలు పిల్లను తీసుకుపోవచ్చంది. కృపాకర్ ఎదురు చెప్పలేదు. అప్పుడు చేతి నిండా పని ఉండేది.

అఫ్జల్‌గంజ్‌లో ఆ పాత భవనాన్ని కూలగొట్టడంతో మడిగె పోయింది. ఇంకోచోట కిరాయి అందలేదు. కొన్నాళ్లు తిరిగి తిరిగి, చివరికి పక్క వరుసలో ఉన్న బాబూమియా దుకాణంలో రోజుకూలీకి కుదిరాడు. వచ్చేది సగానికి పడిపోయింది. భరణం మాత్రం పాత లెక్కలోనే ఉంది. కొన్ని నెలలు తప్పాయి. కట్టకపోతే జైలుకు పంపుతారని నోటీసు వచ్చింది.

తెలిసినవాళ్లు ఒక వకీలు పేరు చెప్పారు. ఆ వకీలు సంగతంతా విని, తగ్గించమని అడిగితే ఏండ్లకేండ్లు నడుస్తుందని, అసలు కట్టే పనే లేకుండా చేసే దారి ఒకటి ఉందని అన్నాడు. ఆ పిల్ల నీ బిడ్డేనని నమ్మకం ఉందా అని అడిగాడు. కృపాకర్ నవ్వాడు. వకీలు నవ్వలేదు. రక్తపరీక్ష అడుగుదామన్నాడు. కోర్టు ఇవ్వకపోవచ్చు, కానీ పరువుకు భయపడి ఆమె రాజీకి వస్తుందన్నాడు. ఉత్త అనుమానం నిలబడదు కాబట్టి ఒక పేరు కావాలన్నాడు. బతికున్న మనిషైతే తిరిగి కేసు వేస్తాడు, ఆలోచించుకొని చెప్పమన్నాడు.

కృపాకర్ ఎక్కువసేపు ఆలోచించలేదు. జైలు అనే మాట ఒక్కటే చెవుల్లో మోగుతోంది. ఆస్పత్రిలో పిల్లను మొదట ఎత్తుకున్నది ఎవరో చెప్పాడు. ఇంటికి రాకపోకలున్నది, సుజనకు పాటలు నేర్పింది ఎవరో చెప్పాడు. అన్నీ నిజాలే. చివర్లో పేరు చెప్పాడు. అది రాసుకుంటూ వకీలు తలూపాడు.

సంతకం పెట్టి బస్సెక్కాడు. సాయంత్రపు బస్సు, జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. అతని పక్క సీటు మాత్రం ఛత్రినాక దాకా ఖాళీగానే ఉంది. ఒకామె కూర్చోబోయి, ఎవరో ఉన్నారన్నట్టు ఆగి, ముందుకు జరిగిపోయింది.

ఫ్యామిలీ కోర్టులో వాయిదా రోజు వకీలు ఆ మాటలన్నీ చదివాడు. సుజన అన్న లేచి అరవబోతే పోలీసాయన కూర్చోబెట్టాడు. సుజన ఏడుస్తుందనీ శాపనార్థాలు పెడుతుందనీ అనుకున్నాడు కృపాకర్. ఆమె రెండూ చేయలేదు. బయట వరండాలో అతని ముందుకొచ్చి నిలబడి ఒకటే అడిగింది.

"నన్ను అన్నవ్, సరే. మట్టిల పండుకున్నోనిది గా పేరే దొరికిందా నీకు?"

ఆ రోజు నుంచి ప్రణీత్ అతన్ని విడవలేదు.

మనిషి కనబడిందేమీ లేదు. కానీ ప్రణీత్‌కు ఒక అలవాటు ఉండేది. కూర్చున్నచోట ఊరుకోకుండా, బల్ల దొరికితే బల్ల మీద, లేకుంటే తన మోకాలి మీద వేళ్లతో తాళం వేసేవాడు. దుకాణంలో తీగ చుడుతుంటే కృపాకర్‌కు వెనక నుంచి ఆ చప్పుడు వినబడేది. తిరిగి చూస్తే గోడకు ఆనించిన పాత మోటర్లు, వార్నిషు డబ్బాలు. మళ్లీ పనిలో పడితే మళ్లీ వచ్చేది. చుట్ల లెక్క తప్పేది. ఎన్నడూ లేనిది అతను కట్టిన మోటర్లు రెండు రోజులకే కాలి వెనక్కి వచ్చేవి. బాబూమియా పెద్దాయన, కోప్పడలేదు. తబియత్ బాగలేకపోతే ఇంటికి పో భాయ్ అని మాత్రం అన్నాడు.

దానికంటే ఘోరం ఆదివారాలు. పిల్లకు పదకొండేండ్లు నిండాయి. కోర్టులో ఏం జరిగిందో ఆమెకింకా చెప్పలేదు. ఎప్పటిలాగే మామ ఇంటి నుంచి దుమికి వచ్చి అతని చేయి పట్టుకునేది. పత్తర్‌గట్టి దాకా తీసుకుపోయి గాజుల దుకాణాలు చూపించి, ఏదన్నా తినిపించేవాడు. ఇదివరకు ఆమె చెప్పే ముచ్చట్లు వినేవాడు. ఇప్పుడు ముఖం చూస్తున్నాడు. ముక్కు తనదే. కనుబొమలు సుజనవి. గడ్డం ఎవరిది? నవ్వినప్పుడు పెదవి ఒకపక్కకు లాగుతుంది, అది ఎవరిది? తన బిడ్డ అనడంలో అతనికి ఏనాడూ అనుమానం లేదు. వకీలు ముందర పేరు చెప్పిననాడు కూడా లేదు. కాగితం మీద పడ్డాకే అది లోపల మొలకెత్తింది.

ఒక ఆదివారం హోటల్లో చాయ్ వచ్చేలోపు పిల్ల బల్ల మీద వేళ్లతో తాళం వేసింది. కృపాకర్ గబుక్కున ఆమె చేతి మీద చేయి వేసి నొక్కాడు. నొప్పి పుట్టి పిల్ల చేయి లాక్కుంది. ప్రణీత్ అంకుల్ చిన్నప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకొని నేర్పిండని చెప్పి, ఎందుకట్లా చూస్తున్నావని అడిగింది. ఏం లేదన్నాడు. చాయ్ అంతా చల్లారేదాకా అట్లాగే పెట్టుకొని కూర్చున్నాడు.

కోర్టు మాట కోర్టులో ఆగలేదు. సుజన అన్న చర్చిలో పెద్దల ముందు నెత్తీనోరూ కొట్టుకున్నాడు. వారం తిరగకముందే సంఘమంతా పాకింది.

ఆగమ్మ బాబూమియా దుకాణానికి వచ్చింది. ఆ ఎండలో ఛత్రినాక నుంచి బస్సు పట్టుకొని, దారి అడుగుతూ వచ్చింది. కృపాకర్ ఆమెను చూసి చేతిలో తీగ వదిలేశాడు. చెప్పు తీసుకొని కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండనీ అనుకున్నాడు. బాబూమియా స్టూలు వేసి, చాయ్ తెప్పించి, పని ఉన్నట్టు బయటికి పోయాడు.

ఆగమ్మ చాయ్ ముట్టలేదు. చేతిసంచి లోంచి ప్రణీత్ బడికి పోయే వయసు ఫోటో తీసి అతని ముందు పెట్టింది. కండ్లు మెరుస్తున్నాయి. నాలుగేండ్లుగా ఆ కండ్లను అతను ఎన్నడూ అట్లా చూడలేదు.

"నేను కొట్లాడనీకి రాలేదు బిడ్డా," అంది. "తప్పు నా కొడుకుదే అయితే నీ కాళ్లు మొక్కుత. ఒక్కటి చెప్పు. గా పిల్ల మావోని పిల్లనేనా?"

కాదు అనాలి. రెండక్షరాల మాట. కృపాకర్ నోరు తెరిచాడు. ఆమె ముఖం చూశాడు. అప్పటికి కేసు నడుస్తోంది, కాదు అని ఈమెతో అంటే రేపు సుజన వకీలు ఈమెనే సాక్షిగా తెస్తాడన్న భయమూ ఉంది. జాలి ఎంతో, భయం ఎంతో అతనికే తెలియదు. తల దించుకున్నాడు. ఆ మౌనాన్ని ఆమె తనకు కావలసినట్టు తీసుకుంది. లేచి అతని తల మీద చేయి పెట్టి, దేవుడు నిన్ను చల్లగ చూడాలె అని దీవించి పోయింది.

తర్వాతి ఆదివారం ఆగమ్మ చర్చికి వచ్చింది. ఆడవాళ్ల వైపు, కీర్తిప్రియ కూర్చున్న వరుస వెనక కూర్చొని ఆరాధన అయ్యేదాకా పిల్ల జడనే చూసిందట. ఇంకో రోజు బడి గేటు దగ్గర నిలబడింది. ఇంకో రోజు పిల్ల చేయి పట్టుకొని, ముఖం అటూ ఇటూ తిప్పి చూసుకొని ఏడ్చింది. ఇదంతా కీర్తిప్రియే కృపాకర్‌కు చెప్పింది. చెప్పి, నడిచేది ఆగి అడిగింది.

"డాడీ, ఆమె నన్ను మనుమరాలా అంటున్నది. బడిల పిల్లలు వేరే మాట అంటున్నరు. నేను ఎవరి బిడ్డను?"

"నా బిడ్డవు," అన్నాడు.

"మరి కోర్టుల కాదని ఎందుకు చెప్పినవ్?"

అంటే తెలిసిపోయింది. ఎవరు చెప్పారని అడిగే ముఖం అతనికి లేదు. రోడ్డు మీద ఆటోలు, తోపుడుబండ్లు వాళ్లిద్దరి చుట్టూ తిరిగి పోతున్నాయి. పైసలకోసం అబద్ధం చెప్పిన అని ఒప్పుకున్నాడు. పిల్ల ఏడవలేదు. తల్లి లాగే చూసింది. ఇంటికి పోతానంది.

ఆమెను దింపి అక్కడి నుంచి నేరుగా ఆగమ్మ ఇంటికి పోయాడు. ఒకప్పుడు సగం పూటలు తిన్న ఇల్లు అది. లోపల కీబోర్డు మీద దుప్పటి కప్పి ఉండేది, ఇప్పుడు దుప్పటి తీసేసి ఉంది. తుడిచి పెట్టింది. కీర్తిప్రియకు నేర్పిస్తే బాగుంటుందని అంటూ ఆమె మంచినీళ్లు తెచ్చింది. అతను తాగలేదు. నేల మీద కూర్చొని అంతా చెప్పాడు. నోటీసు, వకీలు, పేరు కావాలనడం, చచ్చినవాడైతే ఎదురు రాడనడం. ప్రణీత్ ఏ పాపమూ ఎరగడని, సుజన ఎరగదని, పిల్ల తన బిడ్డేనని చెప్పాడు.

ఆగమ్మ కీబోర్డు మీంచి తీసిన దుప్పటి మడత విప్పి, మళ్లీ మడిచింది.

"గా రోజు నీ దుకాణంల ఎందుకు చెప్పలే?"

అతను ముందున్న మంచినీళ్ల గ్లాసు పక్కకు జరిపాడు.

"నాలుగేండ్ల సంది ఈ ఇంట్ల నా ఒక్కదాని ఊపిరే వినవడ్తది. నువ్వు గా మాట అన్నంక ఇంకో ఊపిరి వినవడ్డది నాకు. ఇప్పుడు దాన్ని గూడ బంద్ జెయ్యనీకి వచ్చినవ్." ఆమె గొంతులో కోపం లేదు. ఇంకో మాట అడిగింది. "నిజం చెప్పు కొడుకా. ఎన్నడు, ఒక్కసారి గూడ, నీకు అనుమానం రాలే?"

"రాలేదు పెద్దమ్మా," అన్నాడు.

అంటూనే తెలిసిపోయింది, ఈ మధ్యనే ఆ మాట నిజం కాకుండా పోయిందని. ఆగమ్మ అతని ముఖంలో అది చూసింది. అతను గల్లీ మలుపు తిరిగేటప్పటికి ఆ ఇంట్లోంచి కీబోర్డు మీద ఒకే మెట్టు, మళ్లీ మళ్లీ నొక్కుతున్నట్టు వినబడింది. వాయించడం రాని చేయి అది. అయినా అతను చెవులు మూసుకొని నడిచాడు.

పిటిషన్ వెనక్కి తీసుకుంటానంటే వకీలు తిట్టి ఫైలు విసిరేశాడు. జడ్జిగారు ఆడమనిషి. అతన్ని నిలబెట్టి, ఒక చిన్నపిల్ల పుట్టుకను బజారుకీడ్చి ఇప్పుడు పొరపాటైందంటావా అని అడిగింది. అవునన్నాడు. పని పోయిన మాట నిజమైతే ఆ మాటే చెప్పుకోవచ్చు కదా అంది. కోర్టులోనే ఫీజు లేకుండా చూసే వకీలు ఒకామె ఉంటే ఆమె దగ్గరికి పంపింది. ఆ వకీలమ్మ అడిగినవి చాలా తక్కువ. దుకాణం పోయిందనడానికి రుజువు, బాబూమియా వచ్చి చెప్పే ఒక మాట. ఆ ముసలాయన తెల్ల టోపీ పెట్టుకొని వచ్చి, ఈ మనిషి నా దగ్గర కూలీ చేస్తడు, గింతే ఇస్తున్న సాబ్ అని ఉన్నదున్నట్టు చెప్పాడు. సుజన అడ్డు చెప్పలేదు. భరణం కొంత తగ్గింది, తప్పిన నెలలవి కొద్దికొద్దిగా కట్టుకోమన్నారు. రెండు మూడు వాయిదాల్లో అయిపోయింది. ఏండ్లు పట్టలేదు.

వరండాలో కృపాకర్ సుజనను క్షమించమని అడిగాడు. ఆమె మాత్రం, ఆగమ్మ రోజూ తమ ఇంటికి వస్తోందని, పిల్లకు జడ వేసి పోతోందని చెప్పింది. నిజం తెలిసీ వస్తుందా అని అతను ఆశ్చర్యపోయాడు.

"తెల్సు. అయినా వస్తది," అంది సుజన. "నువ్వు పెట్టిన ఆశ అది. నేనెట్ల గుంజుకోవాలె?"

కీర్తిప్రియ చాలా ఆదివారాలు అతనితో రానంది. అతను వచ్చి గుమ్మం ముందు నిలబడి, రాననే మాట విని పోయేవాడు. తర్వాత తనే వచ్చింది. చేయి పట్టుకోలేదు. పక్కన నడిచింది. రక్తపరీక్ష చేయించుకుందామా డాడీ అని ఒకసారి మామూలుగా, ఏదో కొనుక్కుందామా అన్నట్టు అడిగింది. అక్కర్లేదు, నాకు తెలుసు అన్నాడు. మరి ఇంకా అట్లనే ఎందుకు చూస్తున్నవ్ అంది. అతను చూపు తిప్పుకున్నాడు. ఆ నవ్వు ఒకపక్కకు లాగడం తన తల్లి నవ్వులోనూ ఉండేదని ఇంటికి పోయి పాత పెండ్లి ఆల్బమ్ చూసి నిర్ధారణ చేసుకున్నాడు. పొద్దుటికి ఆ నిర్ధారణ నిలబడలేదు.

చలికాలంలో ఆగమ్మ మంచం పట్టింది. గుండె బలహీనపడిందన్నారు, ఆస్పత్రి వాళ్లు ఇంటికి పంపేశారు. సుజన, కీర్తిప్రియ వంతులేసుకొని చూసుకున్నారు. కృపాకర్ మందులు తెచ్చి గుమ్మం దగ్గర ఇచ్చి పోయేవాడు, లోపలికి పోయేవాడు కాదు. ఒకరోజు మధ్యాహ్నం అట్లా వచ్చినప్పుడు లోపలి నుంచి ఆగమ్మ గొంతు వినబడింది. ప్రణీతూ, ప్రణీతూ అని పిలుస్తోంది. మనిషికి తెలివి లేదు. ఇంట్లో మంచం పక్కన కీర్తిప్రియ ఒక్కతే ఉంది.

"ఆఁ, అమ్మా," అంది పిల్ల. "ఈడనే ఉన్న."

కృపాకర్ చేతిలో మందుల కవరు అట్లాగే ఉండిపోయింది. ఆ గొంతు తన బిడ్డదే, సందేహం లేదు. కానీ ఆ ఇంట్లో, ఆ పిలుపుకు వచ్చిన ఆ జవాబు విన్న క్షణాన అతనికి ఇంకెవరో పలికినట్టనిపించింది. కవరు గడప మీద పెట్టి గోడ పట్టుకొని వెనక్కి నడిచాడు.

ఆగమ్మ ఆ వారమే పోయింది. సమాధుల తోటలో ప్రణీత్ పక్కనే గుంత తవ్వారు. సంఘంలో చాలామంది వచ్చారు, చనిపోయినామె కోసం కొందరు, ఎవరెవరు ఎక్కడ నిలబడతారో చూడటానికి కొందరు. ప్రార్థన అయ్యాక పాస్టర్ గారు మొదటి మట్టి వేయడానికి రక్తసంబంధులెవరని అడిగాడు. ఎవరూ కదల్లేదు. ఆమెకు ఎవరూ లేరు.

సుజన కూతురి వీపు మీద మెల్లగా చేయి వేసి ముందుకు పంపింది. ఊరు ఏమనుకుంటుందో ఆమెకు తెలియక కాదు. కీర్తిప్రియ రెండడుగులు వేసి ఆగి తండ్రి కోసం చూసింది. గుంపంతా అతని వైపు తిరిగింది.

కృపాకర్ పోయి ఆమె పక్కన నిలబడ్డాడు.

"ఈమె నా బిడ్డ అయ్యగారూ," అన్నాడు, వెనక వరుసలకు కూడా వినబడేటట్టు. "ప్రణీత్ నా దోస్తు. నేను వాని మీద అబద్ధం చెప్పిన. ఆగమ్మ ఈ పిల్లను మనుమరాలి లెక్క చూసుకున్నది. మట్టి ఈమెనే ఏస్తది."

కొందరు నమ్మారు. కొందరి ముఖాల్లో నమ్మకం లేదన్నది అతనికి స్పష్టంగానే కనబడింది. కీర్తిప్రియ వంగి పిడికెడు మట్టి తీసి వేసింది. తర్వాత కృపాకర్ వేశాడు. పక్కనే గడ్డి మొలిచిన ప్రణీత్ సమాధి ఉంది, దాని వైపు చూడాలని ఉన్నా చూడలేకపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు పిల్ల అతని పక్కనే నడిచింది. సుజన నాలుగడుగులు ముందు పోతోంది. గేటు దగ్గర నల్లా ఉంటే కీర్తిప్రియ చేతులు కడుక్కుంది, గోళ్లలో ఇరుక్కున్న మట్టి పోవడం లేదని మళ్లీ కడుక్కుంది. ఆగమ్మ పిలిచినప్పుడు తను ప్రణీత్ లాగా పలికానని, అది తప్పా అని అడిగింది. కాదన్నాడు. భయం కాలేదా అని అతను అడిగాడు.

"కాలే," అంది ఆమె. "ఆమె నన్ను చూడలే డాడీ. నా ఎనక చూసుకుంట మాట్లాడింది."

కృపాకర్ ఆమె వెనక చూడలేదు. నల్లా కట్టేసి, జేబు రుమాలు ఇచ్చి, ఆమె చేతులు తుడుచుకునేదాకా నిలబడ్డాడు.